విదేశాల్లో తెలుగు నేర్చుకునే పిల్లలకు ప్లేస్‌మెంట్ టెస్ట్: తయారీ నుంచి సప్రమాణత దాకా సమగ్ర మార్గదర్శి

విదేశాల్లో నడిచే వారాంతపు తెలుగు తరగతుల్లో ప్రతి విద్యా సంవత్సరం మొదట్లో ఒకటే టెన్షన్. కొత్తగా చేరిన పిల్లల్ని ఏ తరగతిలో వెయ్యాలి? చాలాచోట్ల వయసు చూసి వేస్తారు. లేదంటే "మావాడికి తెలుగు బాగా వచ్చండీ" అన్న తల్లిదండ్రుల మాట మీద వేస్తారు. రెండు పద్ధతులూ నమ్మదగ్గవి కావు. ఇంట్లో నానమ్మతో గలగలా మాట్లాడే పిల్లకు ఒక్క అక్షరం కూడా తెలియకపోవచ్చు. వేసవి సెలవుల్లో గుణింతాలన్నీ దిద్దిన పిల్లవాడు "నీకేం కావాలి నాన్నా?" అని అడిగితే ఇంగ్లిష్‌లో జవాబు చెప్పొచ్చు. ఇద్దరికీ ఒకే పేపరిచ్చి మొత్తం మార్కులు లెక్కేస్తే ఇద్దరికీ యాభై రావచ్చు. కానీ వచ్చే ఆదివారం ఆ ఇద్దరికీ చెప్పాల్సిన పాఠం ఒకటి కాదు.

అందుకే నేను గట్టిగా చెప్పేదేమిటంటే, ఈ పిల్లలకు పెట్టే ప్లేస్‌మెంట్ టెస్ట్ ఒక్క స్కోరుతో ఆగకూడదు. వినికిడి, మాట కలిపి ఒక స్కోరు, లిపి, చదువు కలిపి ఇంకో స్కోరు రావాలి. కింద చెప్పే పనులన్నీ నలుగురైదుగురు వాలంటీర్ టీచర్లు, ఒక స్ప్రెడ్‌షీట్, కొంత ఓపిక ఉంటే చేసుకోగలిగినవే. వేరే భాష నేర్పేవాళ్ళకు కూడా ఉదాహరణలు మార్చుకుంటే పద్ధతి ఇదే.

1. ముందు తరగతులు, తర్వాత ప్రశ్నలు

ప్లేస్‌మెంట్ టెస్టుకూ ఏడాది చివర పెట్టే పరీక్షకూ తేడా ఉంది. ఏడాది చివరి పరీక్ష చెప్పిన పాఠం ఎంత వచ్చిందో చూస్తుంది. ప్లేస్‌మెంట్ టెస్ట్ ఏ పాఠంతో మొదలుపెట్టాలో చెప్పాలి. కాబట్టి మొదట రాయాల్సింది మీ తరగతుల మధ్య గీతలు ఎక్కడున్నాయన్నది. సిలికానాంధ్ర మనబడిలో ప్రవేశం, ప్రసూనం, ప్రకాశం, ప్రమోదం అని స్థాయిలకు పేర్లున్నాయి. మీ దగ్గర ఒకటి, రెండు, మూడు అని ఉండొచ్చు. పేరు ఏదైనా, ఒక్కో తరగతి మొదటి నెల పాఠాలు ముందు పెట్టుకుని, "ఈ పాఠం అర్థం కావాలంటే పిల్లకు ముందే ఏం వచ్చి ఉండాలి?" అని అడగండి. జవాబులు పిల్లలు చేయగలిగిన పనుల రూపంలో రావాలి. "వత్తులు లేని పదాలు ఆగకుండా చదువుతుంది", "నిన్న ఏం చేసిందో రెండు మూడు వాక్యాల్లో చెబుతుంది" లాంటివి. "తెలుగు ఓ మాదిరిగా వచ్చు" లాంటి వాక్యం పేపర్ మీద ఉంటే కొట్టేయండి. దాని మీద ప్రశ్న రాయలేం.

ఐరోపా మండలి 2001లో తెచ్చిన భాషా స్థాయిల చట్రం సీఈఎఫ్ఆర్‌లో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయిలున్నాయి. అమెరికాలో విదేశీ భాషలు నేర్పేవాళ్ళ సంస్థ యాక్ట్‌ఫుల్ మార్గదర్శకాలు 1986 నుంచి వాడుకలో ఉన్నాయి. వాక్యాలు ఎలా రాయాలో చూడటానికి రెండూ పనికొస్తాయి. అయితే వాటిని యథాతథంగా ఎత్తి ఏడేళ్ళ పిల్లకు ఏ2 అని ముద్ర వెయ్యకండి. సీఈఎఫ్ఆర్ వర్ణనలు ప్రధానంగా చదవడం రాయడం వచ్చిన పెద్దవాళ్ళను మనసులో పెట్టుకుని రాసినవి. చెవికి తెలుగు అలవాటై కంటికి అలవాటు కాని పిల్ల వాటిలో సరిగా ఇమడదు.

2. ఇంటి సంగతులు ఒక్క పేజీలో

తల్లిదండ్రులకు చిన్న ఫారం ఇవ్వండి. ఇంట్లో పిల్లతో ఎవరు తెలుగులో మాట్లాడతారు? పిల్ల ఏ భాషలో బదులిస్తుంది? తాతయ్య, అమ్మమ్మ, నానమ్మ కలిసి ఉంటారా? ఇండియాలో ఏ తరగతి దాకా చదివింది? కుటుంబం ఏ ప్రాంతం నుంచి వచ్చింది? ఈ ఐదు చాలు. వీటికి మార్కులు వెయ్యకండి. ఫలితాలు అర్థం చేసుకోవడానికి, పరీక్ష ఏ ప్రాంతపు పిల్లలకైనా అన్యాయం చేస్తోందా అని తర్వాత చూడటానికి మాత్రమే ఇవి.

3. బ్లూప్రింట్

నేను సూచించే లెక్క ఇది. వినికిడి, మాట భాగానికి 30 మార్కులు: విని అర్థం చేసుకోవడం 12, వాక్యం సరిగా ఉందో లేదో చెవితో గుర్తుపట్టడం 10, మాట్లాడటం 8. లిపి, చదువు భాగానికి మరో 30: పదాలు పైకి చదవడం 16, చిన్న పేరా చదివి అర్థం చెప్పడం 8, విని రాయడం 6. మొత్తం 45 నిమిషాలు దాటకూడదు. చిన్నపిల్లలైతే మధ్యలో విరామం ఇవ్వాలి. వరసగా మూడు నాలుగు జవాబులు రాకపోతే ఆ భాగం అక్కడ ఆపేసే నియమం ముందే పెట్టుకోండి. రానివాటిని చివరిదాకా అడుగుతూ కూర్చుంటే పిల్లకు తెలుగు బడి మొదటి జ్ఞాపకం ఓటమే అవుతుంది.

4. ప్రశ్నలు రాయడం

మొత్తం పనిలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. మొదటి సూత్రం, ఒక ప్రశ్న ఒక్క విషయాన్నే పరీక్షించాలి. వినికిడి ప్రశ్నకు ఆప్షన్లు తెలుగు లిపిలో ఇస్తే, విన్నది అర్థమైనా చదవలేక తప్పు పెట్టే పిల్లలుంటారు. అందుకని వినికిడికి బొమ్మలు ఇవ్వండి, లేదా పిల్ల ఏ భాషలో చెప్పినా తీసుకోండి. తెలుగులో విని ఇంగ్లిష్‌లో సరైన జవాబు చెప్పిందంటే విన్నది అర్థమైనట్టే. అక్కడ మనం చూస్తున్నది అదే.

వాక్యాల భాగంలో ఒక ప్రశ్న దగ్గరగా చూద్దాం. టీచర్ మూడు వాక్యాలు చదువుతారు, పిల్ల సరైనదాని నంబరు చుట్టూ సున్నా చుట్టాలి.

ఒకటి: నిన్న మా పెరట్లోకి రెండు కోతులు వచ్చారు.
రెండు: నిన్న మా పెరట్లోకి రెండు కోతులు వచ్చింది.
మూడు: నిన్న మా పెరట్లోకి రెండు కోతులు వచ్చాయి.

ఇందులో ప్రతి తప్పు జవాబూ మనకు ఏదో ఒకటి చెబుతుంది. "వచ్చారు" ఎంచుకున్న పిల్లకు బహువచనం తెలుసు, మనుషులకూ జంతువులకూ క్రియ మారుతుందని తెలియదు. "వచ్చింది" ఎంచుకుంటే బహువచనమే పట్టుబడలేదు. ఇంగ్లిష్‌లో ఈ తేడాలు క్రియలో కనపడవు కాబట్టి అక్కడ పెరిగిన పిల్లలు సరిగ్గా ఇక్కడే తడబడతారు. ఇలాంటి చోట్లు తెలుగులో చాలా ఉన్నాయి. "ముగ్గురు పిల్లలు, మూడు పిల్లులు", "మనం వెళ్దాం, మేము వెళ్తాం", "నాకు ఆకలేస్తోంది"లో "నేను" బదులు "నాకు" రావడం, "వెళ్ళను"కూ "వెళ్ళలేదు"కూ తేడా, "అమ్మ కొన్న గౌను" లాంటి కూర్పు. ప్రశ్నలు వీటి మీద రాస్తే పది ప్రశ్నల్లోనే స్థాయి తెలిసిపోతుంది.

పనికిరాని ప్రశ్నలు కూడా చూడండి. "భోగి మర్నాడు ఏ పండుగ?" దీనికి జవాబు తెలియని పిల్లకు తెలుగు అద్భుతంగా రావచ్చు. అది సంస్కృతి మీద ప్రశ్న, భాష మీద కాదు. "మామిడికాయ ఏ రంగులో ఉంటుంది?" అని అడిగి ఆకుపచ్చ, పసుపు రెండూ ఆప్షన్లలో పెడితే తెలివైన పిల్లలే ఇబ్బంది పడతారు.

మాండలికం విషయంలో చాలా జాగ్రత్త కావాలి. బొమ్మ చూపించి "సొరకాయ" ఏదని అడిగితే, ఇంట్లో "ఆనపకాయ" అని వినే ఉత్తరాంధ్ర పిల్ల ఆగిపోతుంది. దోశకు అట్టు, పడుకుందికి పండుకుంది. పిల్ల తన అమ్మ నోట విన్న మాటకు మార్కు పోతే, మన ఇంట్లో మాట్లాడేది సరైన తెలుగు కాదన్న పాఠం అది ఆ పిల్లకు. ఇలాంటి మాటలు వినికిడి ప్రశ్నల్లోంచి తీసెయ్యండి. మాట్లాడే భాగంలో పిల్ల "వచ్చినయి" అన్నా "వచ్చాయి" అన్నా పూర్తి మార్కు వెయ్యాలని టీచర్లందరికీ రాతపూర్వకంగా చెప్పండి.

లిపి భాగంలో పదాలు మెట్లు మెట్లుగా ఉండాలి. మొదట పలక, వల. తర్వాత కాకి, గూడు, మేకు. ఆ పైన అమ్మ, పువ్వు. చివర చంద్రుడు, కల్యాణం, రాష్ట్రం. మ, య, అలాగే ప, ష, వ, ఇంకా ద, ధ, థ లాంటి చూపుకు దగ్గరగా ఉండే అక్షరాలు తప్పకుండా తగలాలి. రెండు మూడు అర్థం లేని పదాలు కూడా కలపండి: "టిమూగ", "కెబ్బోడు". పిల్ల నిజంగా అక్షరాలు కూడబలుక్కుని చదువుతోందా, చూసి చూసి బొమ్మలా గుర్తున్న పదాన్ని చెబుతోందా అన్నది వీటితో బయటపడుతుంది. ముందే చెప్పండి, "ఇవి ఉత్తుత్తి పదాలు, ఎలా ఉంటే అలా చదువు" అని.

పెద్దపిల్లలకూ, తెలుగువాళ్ళను పెళ్ళి చేసుకుని నేర్చుకుంటున్నవాళ్ళకూ, విశ్వవిద్యాలయాల్లో తెలుగు చదివే విద్యార్థులకూ ఖాళీలు పూరించే పేరా వాడొచ్చు. టేలర్ 1953లో ప్రతిపాదించిన క్లోజ్ పద్ధతిలో కొన్ని పదాల కొకటి చొప్పున తీసేస్తారు. 1980ల మొదట్లో జర్మనీలో పుట్టిన సీ-టెస్టులో ఒక పదం విడిచి ఒక పదానికి రెండో సగం తీసేస్తారు. తెలుగులో ఆ రెండో పద్ధతి వాడేటప్పుడు ఒకటి గమనించాలి. మన విభక్తులూ క్రియా ప్రత్యయాలూ పదం చివరే ఉంటాయి కాబట్టి సగం తీస్తే దాదాపుగా వ్యాకరణమే పోతుంది. అంటే అది పదసంపద కన్నా ప్రత్యయాల మీద పరీక్ష అవుతుంది. కంప్యూటర్‌తో సగానికి కోయించినా ప్రమాదమే. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. సగానికి కోస్తే "స్త" అనే వేరే అక్షరం మిగులుతుంది. చేత్తో అక్షరాలు లెక్కపెట్టి కోయండి.

5. మాట్లాడించడం

ఐదు నిమిషాలు చాలు. మొదట పిల్లకు బెరుకు పోయే మాటలు. తర్వాత తేలిగ్గా చెప్పగలిగినవి: ఇంట్లో ఎవరెవరు, ఏం తింటావు. ఆ పైన కొంచెం కష్టమైనవి: కూరగాయల బజారు బొమ్మ ఇచ్చి ఏం జరుగుతోందో చెప్పమనడం, "ఈ బుట్ట పడిపోతే ఏమవుతుంది?" అనడం. చివర మళ్ళీ తేలికైన ప్రశ్నతో ముగించాలి, పిల్ల నవ్వుతూ లేవాలి. తల్లిదండ్రులు గది బయటే ఉండాలి. ఆన్‌లైన్‌లో పెడితే కెమెరా వెనక నుంచి అందించే ప్రేమ ఎక్కువ కాబట్టి, మాట్లాడే భాగమైనా నేరుగా పెట్టడం మంచిది.

8 మార్కులను రెండుగా విడగొట్టండి. వాక్యం ఎంత కట్టగలుగుతోంది అనేదానికి నాలుగు, ఎంత సులువుగా సంభాషణ సాగుతోంది అనేదానికి నాలుగు. ఒక్కో మార్కుకు ఏం వినిపించాలో రాసి ఉంచండి. పిల్ల మాటలు రికార్డు చేసి, ఇద్దరు టీచర్లు విడివిడిగా వెయ్యాలి, తర్వాతే పోల్చుకోవాలి. ఇద్దరూ ఒకే స్థాయి అన్నది 80 శాతం అయితే బాగుందనిపిస్తుంది. కానీ కాకతాళీయంగానే 50 శాతం కలిసే వీలుంటే, కోహెన్ కప్పా లెక్కలో అది 0.6 మాత్రమే: 0.8 లోంచి 0.5 తీసి, మిగిలిన 0.3ను 0.5తో భాగించాలి. తేడా ఎక్కువగా వస్తే అవే రికార్డింగులు కలిసి విని, ఎందుకు వేరుగా వేశారో మాట్లాడుకోండి. కొలమానంలో వాక్యాలు మార్చాల్సిన చోటు అక్కడే దొరుకుతుంది.

6. ట్రయల్, ప్రశ్నల విశ్లేషణ

కొత్త పిల్లల మీద పెట్టే ముందు ఇప్పటికే మీ దగ్గర చదువుతున్న పిల్లలకు పెట్టండి. వాళ్ళ స్థాయి టీచర్లకు ముందే తెలుసు, కాబట్టి ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు. అన్ని తరగతుల నుంచీ కలిపి కనీసం ముప్ఫై మంది ఉంటే ప్రాథమిక విశ్లేషణకు సరిపోతుంది. రాష్ మోడల్ లాంటి పెద్ద గణాంక పద్ధతులకు ఇంకా చాలామంది కావాలి, ఒక్క కేంద్రం వాళ్ళు వాటి జోలికి పోనక్కర్లేదు.

ప్రతి ప్రశ్నకూ రెండు అంకెలు చూడాలి. బీఎడ్ చదివినవాళ్ళకు ఇవి తెలిసినవే: కాఠిన్యతా స్థాయి (ఎంత భాగం పిల్లలు సరిగా చేశారు), విచక్షణా శక్తి (బాగా వచ్చినవాళ్ళనూ రానివాళ్ళనూ ఎంత వేరు చేస్తోంది). 30 మందిలో 18 మంది కోతుల ప్రశ్న సరిగా చేస్తే మొదటిది 0.6. మొత్తం స్కోరులో పైన ఉన్న పదిమందిలో 9 మంది, కింద ఉన్న పదిమందిలో 3 మంది సరిగా చేస్తే రెండోది (9 − 3) ÷ 10, అంటే 0.6. చాలా మంచి ప్రశ్న. 0.3 పైన ఉంటే ఉంచుకోవచ్చు, 0.2 కన్నా తక్కువైతే తిరగరాయాలి. సొరకాయ ప్రశ్నకు పైవాళ్ళలో 5, కిందివాళ్ళలో 6 వచ్చాయనుకోండి, విలువ −0.1. తెలుగు బాగా వచ్చినవాళ్ళే ఎక్కువ తప్పుతున్నారంటే లోపం ప్రశ్నలో ఉంది. అప్పుడు ఇంటి సంగతుల ఫారం తీసి చూస్తే ఎవరు తప్పారో అర్థమవుతుంది.

ఒక హెచ్చరిక. అందరూ సరిగా చేసిన ప్రశ్నను గుడ్డిగా తీసెయ్యకండి. అడుగు తరగతికీ పై తరగతికీ మధ్య గీత దగ్గర పనిచేసే తేలిక ప్రశ్నలు, పైన గీత దగ్గర పనిచేసే కష్టమైన ప్రశ్నలు, రెండూ కావాలి. మీ గీతలు ఎక్కడున్నాయో అక్కడ ప్రశ్నలు ఎక్కువ ఉండాలి.

7. విశ్వసనీయత, కటాఫ్

ప్రశ్నలన్నీ ఎంత పొందికగా ఒకే విషయాన్ని కొలుస్తున్నాయో చెప్పే అంకె క్రాన్‌బాక్ ఆల్ఫా. దాన్ని స్ప్రెడ్‌షీట్‌లోనే లెక్కేయొచ్చు. రెండు భాగాలకూ విడివిడిగా వెయ్యండి. 0.8 దాటితే ఇలాంటి పరీక్షకు బాగున్నట్టే. కానీ ఆ అంకె దగ్గర ఆగిపోవద్దు, దాని నుంచి కొలతలో పొరపాటు ఎంతో తెలుసుకోండి. ఒక భాగంలో ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయన్నది) 6, ఆల్ఫా 0.84 అనుకుందాం. 1 లోంచి 0.84 తీస్తే 0.16, దాని వర్గమూలం 0.4, దాన్ని 6తో గుణిస్తే 2.4 మార్కులు. కటాఫ్ 18 అయితే, 17 వచ్చిన పిల్లకూ 19 వచ్చిన పిల్లకూ తేడా ఉందని మన పరీక్ష చెప్పలేదు. కాబట్టి 16 నుంచి 20 దాకా ఉన్నవాళ్ళ పేర్లు పక్కన పెట్టి, రికార్డింగ్ మళ్ళీ విని, వయసు, తోటి పిల్లలు చూసి నిర్ణయించండి. ఇది తప్పక పాటించాల్సిన నియమం అని నా అభిప్రాయం. ఒక్క మార్కు తేడాతో అన్నను పై తరగతికి, చెల్లెల్ని కింద తరగతికి పంపి "పరీక్ష అలా చెప్పింది" అనడం సమాధానం కాదు.

కటాఫ్ ఎక్కడ పెట్టాలో తేల్చడానికి రెండు దారులు. ఆంగాఫ్ పద్ధతిలో ప్రతి టీచరూ "రెండో తరగతి గడప మీద ఉన్న పదిమంది పిల్లల్లో ఎంతమంది ఈ ప్రశ్న సరిగా చేస్తారు?" అని ఒక్కో ప్రశ్నకూ అంచనా రాస్తారు. అన్నీ కలిపి పదితో భాగించి, టీచర్ల సగటు తీస్తే కటాఫ్. రెండో దారిలో, ట్రయల్‌లో కూర్చున్న ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల స్కోర్లు ఒకే గ్రాఫ్ మీద గీసి, రెండు గీతలూ కలిసే చోటు చూస్తారు. రెండూ చేసి పోల్చండి. దగ్గరగా వస్తే ధైర్యంగా వాడొచ్చు.

ఇప్పుడు ఒక స్కోరు అడ్డంగా, ఇంకోటి నిలువుగా పెట్టి గడులు గీయండి. మాట ఎక్కువ, లిపి తక్కువ ఉన్న గడిలో నలుగురైదుగురు పడితే వాళ్ళకు ఎనిమిది, పది వారాల లిపి బృందం పెట్టి, తర్వాత పై తరగతిలో కలపండి. లిపి వచ్చి మాట రానివాళ్ళను చదువులో వెనక్కి నెట్టకుండా, మాట్లాడించే గంట అదనంగా ఇవ్వండి. రెండు స్కోర్లు ఉంటేనే ఈ వెసులుబాటు.

8. సప్రమాణత: తరగతిలో తేలేది

ప్రశ్నలన్నీ బాగున్నా, ఆల్ఫా బాగున్నా, పిల్లలు సరైన చోట కూర్చున్నారా అన్నది ఇంకా తెలియదు. పరీక్షల మీద పరిశోధన చేసిన మెసిక్ 1989లో వివరంగా వాదించినట్టు, సప్రమాణత పేపరుకు అంటుకున్న గుణం కాదు. ఆ స్కోరు చూసి మనం తీసుకున్న నిర్ణయానికి ఎంత ఆధారం ఉందన్నదే ప్రశ్న. కాబట్టి ఆధారాలు తరగతి గదిలోంచి తేవాలి.

నాలుగో వారం టీచర్లకు ఒకే ప్రశ్న పంపండి: ఈ పిల్ల ఈ తరగతికి సరిపోయిందా, పైకి వెళ్ళాలా, కిందికి రావాలా? టీచర్లకు అప్పటిదాకా స్కోర్లు చూపించకండి. చూస్తే ఆ స్కోరునే నమ్మి "సరిపోయింది" అంటారు. 40 మందిలో 34 మంది సరిపోయారంటే 85 శాతం. ఎంత శాతం వస్తే పరీక్షను ఉంచుతారో ముందే రాసి పెట్టుకోండి. మిగిలిన ఆరుగురు ఎవరు? అందరూ ఒకే గడిలో ఉంటే ఆ కటాఫ్ తప్పు. అందరూ ఒకే ప్రాంతపు కుటుంబాల వాళ్ళయితే ప్రశ్నల్లో మాండలికం ఉంది. అందరూ పదేళ్ళు దాటినవాళ్ళయితే చిన్నపిల్లల బొమ్మల మధ్య వాళ్ళకు చిన్నతనంగా అనిపించి మనసు పెట్టలేదేమో చూడాలి. హాజరు పట్టిక కూడా చూడండి. తప్పు తరగతిలో పడిన పిల్లలు చాలామంది నోరెత్తరు, రావడం మానేస్తారు.

ఏడాది చివరి మార్కులతో సహసంబంధం (రెండు స్కోర్లూ ఎంత కలిసి నడుస్తున్నాయన్నది) తీస్తే అంకె తక్కువగా కనపడవచ్చు. ఒకే తరగతిలో ఉన్నవాళ్ళందరికీ ప్లేస్‌మెంట్ స్కోర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి అలా వస్తుంది. అది చూసి కంగారుపడి పరీక్షను పారెయ్యకండి.

9. తల్లిదండ్రులకు చెప్పడం, వచ్చే ఏటికి దాచడం

మార్కులు చెప్పకండి. తరగతి పేరు, పిల్ల చేయగలిగినవి రెండు, మొదటి నెలలో నేర్చుకునేవి రెండు రాసి ఇవ్వండి: "మీ అమ్మాయి కథ విని అర్థం చేసుకుంటుంది, తన రోజు గురించి తెలుగులో చెబుతుంది. ముందు అక్షరాలు, గుణింతాలు నేర్పిస్తాం, దసరా తర్వాత పెద్ద తరగతిలో కలుపుతాం." నాలుగు వారాల్లో మార్పు ఉండొచ్చని కూడా అందులోనే రాయండి. అప్పుడు మార్చినా ఎవరూ అవమానంగా తీసుకోరు.

పేపరు ఒకటే ఉంటే రెండో ఏటికి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. అన్నయ్య చెప్పిన జవాబులతో తమ్ముడు వస్తాడు. అందుకని రెండు పేపర్లు చేసుకోండి, వాటిలో ఐదో వంతు ప్రశ్నలు రెండింటికీ ఉమ్మడిగా ఉంచండి. ఆ ఉమ్మడి ప్రశ్నల్లో పోయిన ఏటి పిల్లలూ ఈ ఏటి పిల్లలూ ఎలా చేశారో పోలిస్తే, పేపరు తేలికైందా లేక పిల్లలే బాగా వచ్చినవాళ్ళా అన్నది తెలుస్తుంది. ప్రతి ప్రశ్నకూ ఒక వరుస పెట్టి, ఎప్పుడు వాడారు, కాఠిన్యతా స్థాయి ఎంత, విచక్షణా శక్తి ఎంత, ఎవరు ఏ అభ్యంతరం చెప్పారు అన్నవి రాయండి. వాలంటీర్లు మారుతుంటారు కాబట్టి ఆ షీటు ఒకరి సొంత ల్యాప్‌టాప్‌లో కాకుండా కేంద్రం పేరు మీద ఉన్న ఖాతాలో ఉండాలి. పిల్లల రికార్డింగులు మాత్రం ఏడాది పూర్తవగానే తీసెయ్యండి. ఆ సంగతి తల్లిదండ్రుల అనుమతి పత్రంలో మొదటే రాసి సంతకం తీసుకోండి.